ఎర్ర సిరా పచ్చబొట్టు

మా ఇంట్లో అనుమానం అమ్మ నుంచి నాకు వచ్చింది. చేపల బజారులో అమ్మ చేప మొప్ప ఎత్తి చూసి ఊరుకోదు, అమ్మేవాడి మొహం కూడా ఓసారి పరకాయించి చూస్తుంది. పాలలో నీళ్ళు కలుస్తున్నాయని రోజూ పోట్లాడుతుంది. ఎప్పుడైనా పాలు చిక్కగా ఉంటే, ఇవాళ ఎందుకు కలపలేదు, ఇందులో ఏదో మతలబు ఉంది అంటుంది. నేను ఆవిడ కూతుర్నే. నాన్న పోయాక ఆయన పనిచేసిన హాడో రేవులోనే, ఓడల ఆఫీసు టిక్కెట్ల కిటికీ దగ్గర నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అక్కడ నా వెనకాల అందరూ నన్ను జాసూస్ దీదీ, అంటే గూఢచారి అక్క, అనేవారు. వెనకాల అన్నది నాకెలా తెలిసిందంటే, మరి ఊరికే పెట్టారా ఆ పేరు. పెళ్ళి సంబంధాలు వచ్చేవి. ఒకతను మరీ తక్కువ మాట్లాడాడని, ఇంకొకతను మరీ మర్యాదగా మాట్లాడాడని వద్దన్నాను. అంత మర్యాద ఎందుకు అని నా ప్రశ్న.

సునామీ వచ్చి వెళ్ళాక ద్వీపమంతా మాలాగే తయారైంది. నీళ్ళు కాస్త వెనక్కి తగ్గితే చాలు, జనం సముద్రం వంక దొంగను చూసినట్టు చూసేవారు. సీలింగ్ ఫ్యాను ఊగితే ముందు స్విచ్ వంక చూసేవాళ్ళం, వేసి ఉందా లేదా అని. అమ్మ వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టేది, భూమి కదిలితే పడి మోగుతాయని. ఒకసారి పిల్లి తగిలి పడ్డాయి. అమ్మా నేనూ చెప్పులైనా వేసుకోకుండా క్వార్టర్స్ మెట్లు దిగిపోయి రోడ్డు మీద నిలబడ్డాం. మమ్మల్ని చూసి పక్కవాళ్ళూ దిగారు. పిల్లి మాత్రం ఇంట్లోనే ఉండి పాలు తాగింది.

ఆ అలలో మా పెద్దమ్మ పోయింది. అమ్మకి ఒక్కగానొక్క అక్క. పెద్దనాన్న కార్ నికోబార్‌లో స్కూలు మాస్టారు, వాళ్ళుండే క్వార్టర్ ఒడ్డుకి దగ్గర. వాళ్ళకి పిల్లల్లేరు కాబట్టి చిన్నప్పుడు నా సెలవులన్నీ అక్కడే. ఆ ఆదివారం పొద్దున భూమి ఊగినప్పుడు పెద్దనాన్న అలవాటు ప్రకారం కొబ్బరితోటల వైపు నడకకు వెళ్ళి ఉన్నాడు, పెద్దమ్మ ఇంట్లో ఉంది. అంతవరకే మాకు తెలిసింది. ఇక్కడ అమ్మ హాడో జెట్టీలో వచ్చిన ప్రతి ఓడ దగ్గరా, తర్వాత ఎయిర్‌పోర్టు గేటు దగ్గరా నిలబడింది. దిగినవాళ్ళను దిగినట్టు పట్టుకుని అడిగింది. తిండి మానేసింది. నేను బలవంతాన నోట్లో పెట్టిన ముద్ద కూడా ఉమ్మేసింది.

చివరికి ఒక విమానంలోంచి పెద్దనాన్న ఒక్కడే దిగాడు. ఒంటి మీద ఎవరిదో చొక్కా. అమ్మ ఏమీ అడక్కముందే చెప్పాడు. "దొరికిందమ్మా. మొహం చూస్తే పోల్చలేం. చేతి మీద పచ్చబొట్టు చూసి పోల్చాను. నేనే నిప్పు పెట్టాను."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ సాయంత్రం నేను కలిపిచ్చిన పెరుగన్నం తింది. ఎంతమందికో మనిషి దొరకనే లేదు, మా అక్కకి అగ్గైనా దక్కింది అని, తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఏటా తద్దినం పెట్టేది. ప్రపంచంలో అన్నిటినీ అనుమానించే మనిషి ఆ ఒక్క మాటను ఎన్నడూ అనుమానించలేదు. ఆ మాట మీదే మళ్ళీ లేచి నిలబడింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ళ తర్వాత నాకు టాటూ వేయించుకోవాలని బుద్ధి పుట్టింది.

అప్పటికి టూరిస్టులు తిరిగి రావడం మొదలుపెట్టారు. మిడిల్ పాయింట్‌లో బజారు మధ్యన ఒక టాటూ షాపు వెలిసింది. మా ఆఫీసులో ఒకావిడ మణికట్టు మీద చిన్న పక్షుల గుంపు వేయించుకుని వచ్చి, ఫైలు ఇచ్చే నెపంతో అందరి టేబుళ్ళ దగ్గరా చెయ్యి తిప్పింది. నాకు అసూయ వేసింది, ఒప్పుకుంటాను. పక్షులంటే కాదు. ఇది నాది అని ఆవిడ ఒక బొమ్మ దగ్గర నిలబడగలిగింది కదా, అందుకు.

షాపువాడు ఇక్కడే పుట్టిన తెలుగువాడు. తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగించే రకం. నేను వెళ్ళగానే పెద్ద ఆల్బం ముందు పెట్టాడు.

"దీదీ, కఛువా తీసుకోండి. బహుత్ చల్తా హై. వచ్చినోళ్ళందరూ తాబేలే ఏయించుకుంటన్నారు."

"అందరూ వేయించుకునేది నాకెందుకు?"

"అయితే లంగర్ చూడండి. మీది ఓడల ఆఫీసు కదా, సూట్ అవుతాది."

"నాకు ఓడెక్కితే వాంతులు."

"డాల్ఫిన్?"

"నువ్వెప్పుడైనా చూశావా డాల్ఫిన్‌ని?"

"టీవీలో చూశాను" అన్నాడు నిజాయితీగా. తర్వాత సూదులు ఎక్కడివి, ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చుతావా, సిరా ఏ కంపెనీది, ఇదివరకు ఎవరికైనా చీము పట్టిందా అని వరసగా అడిగాను. అతను ఆల్బం మూసేశాడు.

"దీదీ, ఒక బాత్ చెప్పండి. మీరు టాటూ కోసం వచ్చారా, మేరా ఇంటర్వ్యూ లేనే?" అని నవ్వాడు. "మీకు ఏది సూట్ అవుతాదో నేనేటి చెప్తాను. ఏదో ఒక డిజైన్ బాల్‌పెన్‌తో చేతి మీద గీసుకోండి. కొన్ని రోజులు అలాగే తిరగండి. స్నానం అయ్యాక మళ్ళీ దిద్దుకోవాలనిపిస్తే అది మీది. భూల్ గయే, దిద్దడం మర్చిపోనారంటే, మీది కాదు."

మాట బాగానే ఉంది, అందుకే దాన్నీ కాస్త అనుమానించాను. అయినా ఇంటికెళ్ళి మొదలుపెట్టాను. తాబేలు గీస్తే వడలా వచ్చింది. తామరపువ్వు గీసుకుని ఆఫీసుకి వెళ్తే మా పెద్ద గుమాస్తా, ఏ పార్టీలో చేరావమ్మా అన్నాడు. ఓంకారం గీస్తే అమ్మ, చేపలు తోమే చేతి మీద అదేటి అని కేకలేసింది. దేనికదే బాగుంది, ఏదీ నాది కాదు. అద్దెకు తెచ్చుకున్న నగలా ఉండేది ప్రతిదీ. రెండో రోజుకి దిద్దడం మరిచిపోయేదాన్ని.

అప్పుడు పెద్దమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఎడమ ముంజేతి మీద, మణికట్టుకి కాస్త పైన పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు ఆవిడ పక్కలో పడుకుని దాని మీద వేలితో రాసేదాన్ని. సిక్కోలు వైపు వాళ్ళ ఊళ్ళో, పెళ్ళికి ముందు, పచ్చబొట్లు పొడిచే ఆవిడ వస్తే అక్కచెల్లెళ్ళిద్దరినీ కూర్చోబెట్టారట. పెద్దమ్మ పళ్ళు బిగించి పూర్తిగా పొడిపించుకుంది. అమ్మ ఒక్క చుక్క పడగానే కెవ్వుమని లేచి పారిపోయింది. మనిషి పోయాక నగలు రావు, చీరలు రావు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని వాళ్ళ వైపు నమ్మకం.

బొమ్మ తులసికోట. అంతవరకు నాకూ అమ్మకీ పేచీ లేదు. కోట మీద ఉన్నవి ఆకులని అమ్మ, చుక్కలని నేను. పాత ఫొటోలు బయటికి తీసి చూస్తే ప్రతి ఫొటోలోనూ పెద్దమ్మ చేతినిండా గాజులే. ఒకసారి పచ్చబొట్టు పొడిపించుకుంటే చెరపడానికి ఉండదు కదా, తప్పు కోట వేయించుకుని జన్మంతా మోయడం నాకిష్టం లేదు. ఇంక ఆ చెయ్యిని సరిగ్గా చూసిన మనిషి ఒక్కడే మిగిలాడు. దాన్ని చూసే కదా పెద్దమ్మని పోల్చాడు. ఒక శనివారం బస్సెక్కి చౌల్దారీ వెళ్ళాను.

పెద్దనాన్న రిటైరై అక్కడే రేకుల ఇల్లు తీసుకుని ఉంటున్నాడు. సముద్రం కనపడదు, వినపడదు. అందుకే అక్కడ. చుట్టూ వంగా, బెండా, చిక్కుడు పందిరీ వేసుకున్నాడు. ఆదివారం ఆదివారం ఆ కూరలు సంచీలో వేసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. తక్కువ మాట్లాడేవాడు. ఎవరినీ సరిగ్గా కళ్ళలోకి చూసేవాడు కాదు. అల చూసినవాళ్ళు చాలామంది అలాగే అయిపోయారని మేం పట్టించుకోలేదు.

నేను వెళ్ళేసరికి పందిరికి తాళ్ళు కడుతున్నాడు.

"పెద్దనాన్నా, ఆ రోజు మీరు చేతి మీద చూసిన పచ్చబొట్టు నాకు గీసి చూపించాలి. నేను వేయించుకుంటాను."

తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఆ రోజు చూసిందా?" అన్నాడు.

"అదే."

చేతులు కడుక్కుని వచ్చాడు. రిటైరైనా చొక్కా జేబులో ఎర్ర పెన్ను పోలేదు. నా ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని గీశాడు. ఎక్కడా ఆగలేదు, ఆలోచించలేదు. ఒక నిలువు గీత. దానికి అటూ ఇటూ మూడేసి రెమ్మలు. అడుగున నెలవంక, నెలవంక కడుపులో ఒక చుక్క. కుడివైపు అడుగు రెమ్మ నిలువు గీత దాకా రాకుండా కొంచెం ఎడంగా ఆగిపోయింది.

"ఇది కలపడం మరిచిపోయారు."

"అది కలవదమ్మా. అక్కడ సూది జారింది" అన్నాడు.

పెన్నుకి మూత పెట్టి పందిరి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఉన్నంతసేపూ మళ్ళీ నా చేతి వంక చూడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇందులో కోట ఏది? నా జ్ఞాపకమే తప్పేమో అనుకున్నాను. నాదీ అమ్మదీ ఇద్దరిదీ ఒకేలా తప్పవుతుందా? ముసలాయన మరిచిపోయాడేమో అనుకున్నాను. కానీ మరిచిపోయినవాడు కోటని గోపురం చేస్తాడు, ఆకులు ఎక్కువో తక్కువో చేస్తాడు. సూది జారిన చోటు గుర్తు పెట్టుకోడు. చున్నీ చేతి మీదికి లాక్కున్నాను.

అమ్మ దగ్గర చున్నీలు పనిచేయవు. మంచినీళ్ళ గ్లాసు అందుకుంటుంటే పట్టేసింది.

"ఏటే ఆ సెయ్యి?"

"పెద్దనాన్న గీశారు. పెద్దమ్మది."

కళ్ళద్దాలు పెట్టుకుని నా చెయ్యి కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. చాలాసేపు చూసింది.

"ఇది అక్కది కాదు."

"మరిచిపోయారేమో."

"మర్సిపోతే కోట వంకరగా గీత్తాడు. ఇది కోటే కాదు. ఇది ఎవుల్దో సెయ్యి. ఆడదాని సెయ్యి, బాగా తెల్సిన సెయ్యి."

అంతే, ఇద్దరం మొదలుపెట్టాం. ఆ పొద్దున భార్యని ఇంట్లో వదిలేసి ఆయనకి తోటల్లో ఏం పని అని అమ్మ అంది. రోజూ వెళ్ళేవాడు కదా అని నేనన్నాను, అనేసి, రోజూ ఎందుకు వెళ్ళేవాడు అని నేనే అన్నాను. ఊరొదిలి చౌల్దారీలో ఒక్కడే ఎందుకున్నాడు? కళ్ళలోకి ఎందుకు చూడడు? పప్పు ఉడికేలోగా మేమిద్దరం కలిసి పెద్దనాన్నకి ఒక ఆడదాన్ని అంటగట్టేశాం. ఆవిడకి ఊరూ వాడా కూడా ఇచ్చాం. నిజానికి మా ఇద్దరి మనసుల్లోనూ ఇంకో అనుమానం ఉంది. దానికంటే ఈ ఆడదాని అనుమానమే నయం కాబట్టి దీన్ని పట్టుకుని వేలాడాం. ఆయన పోల్చింది ఈ పచ్చబొట్టునయితే, మరి ఎవరికి నిప్పు పెట్టినట్టు?

మర్నాడు ఆదివారం. పెద్దనాన్న బెండకాయల సంచీతో వచ్చాడు. అమ్మ ఎప్పటిలాగే చేపల పులుసు పెట్టింది. వడ్డించింది, ఎదురుగా కూర్చుంది.

"బావా, ఓ మాట అడుగుతాను. నిజం సెప్పాల."

నా చెయ్యి పట్టుకుని ఆయన కంచం దగ్గరికి లాగింది.

"ఇదెవుల్ది?"

పెద్దనాన్న చూశాడు. "తెలీదమ్మా" అన్నాడు.

"తెలీకుండానే సూది జారిన సోటు తెల్సిందేటి?"

ఆయన చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత చెప్పింది మాతో కాదు, ఆ కంచంతో చెప్పినట్టు చెప్పాడు.

"చాలా వెతికాను. ఒడ్డంతా వెతికాను. దొరికినవాళ్ళని ఒక చోట వరసగా పడుకోబెట్టారు. ఎవరో ఒకరు రావడం, మాది అని తీసుకుపోవడం. ఈవిడ దగ్గరికి ఎవరూ రాలేదు. మొహం తెలిసేలా లేదు. చేతి మీద ఇది ఉంది. మీ అక్కది కాదని నాకు తెలుసు. తెలిసీ మళ్ళీ మళ్ళీ వచ్చి చూసేవాణ్ణి. ఇంక ఉంచడానికి లేదు, ఎవరూ రాకపోతే అందరితో కలిపి గోతిలో వేసేస్తామన్నారు. నాది అన్నాను."

"నీదా?" అంది అమ్మ.

"నా భార్య అన్నాను. మన గోత్రం చెప్పి నిప్పు పెట్టాను. ఆవిడ తెలుగో, తమిళో, రాంచీ వైపు నుంచి కూలికొచ్చిన మనిషో నాకు తెలీదు. నాకు మనిషి దొరకలేదు, ఆవిడకి మనుషులు దొరకలేదు. అంతే. ఇక్కడ విమానం దిగేసరికి నువ్వు ఆ గేటు దగ్గర కర్రలా నిలబడి ఉన్నావు. దొరకలేదంటే అక్కణ్ణుంచి కదలవనిపించింది. అందుకని దొరికిందన్నాను."

"మరి అక్క సెయ్యి? అది గుర్తునేదా నీకు?"

పెద్దనాన్న తల అడ్డంగా ఊపాడు. "కోట అని తెలుసు. గీయమంటే రాదు. రోజూ అన్నం పెట్టిన చెయ్యి. ఎక్కడికి పోతుందని పనిగట్టుకుని చూస్తాం? ఈవిడది మాత్రం కళ్ళు మూసుకున్నా పోదు."

నేను అప్పటిదాకా ఆయన మీద కట్టిన కేసంతా నా నోట్లో చేదుగా మిగిలింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆవిడ మామూలు గొంతుతో అడిగింది.

"అయితే మా అక్క ఏదీ?"

పెద్దనాన్న లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. పులుసు అలాగే ఉంది. తర్వాత ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు.

నాకు భయం పట్టుకుంది. అమ్మ ఇన్నేళ్ళుగా నిలబడిన నేల నా టాటూ సరదా వల్ల కదిలిపోయింది. ఆవిడ మామూలుగానే ఉంది, వండుతోంది, పాలవాడితో పోట్లాడుతోంది. అదే నాకు నచ్చలేదు. కొన్నాళ్ళకి మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి ఇంటికి తాళం కనబడడం మొదలైంది. ఎక్కడికెళ్ళావంటే కూరలకి అనేది. సంచీలో కూరలుండేవి కావు. ఒకటి గమనించాను, నికోబార్ ఓడ వచ్చే రోజే ఆ తాళం.

మా ఆఫీసు కిటికీలోంచి జెట్టీ కనబడుతుంది. ఆ రోజు ఓడ ఆగే వేళకి కిటికీ దగ్గర కాపు కాశాను. జనం దిగుతున్నారు, మూటలు, కోళ్ళబుట్టలు, పిల్లలు. వాళ్ళ మధ్య అమ్మ. దిగిన ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ ఆపుతోంది. ఒకావిడ మణికట్టు పట్టుకుంది. ఆవిడ విదిలించుకుని వెళ్ళిపోయింది. నాకు ఎయిర్‌పోర్టు గేటు కళ్ళ ముందు మెదిలింది. ఫైళ్ళు అలాగే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తాను.

నేను చేరేసరికి అమ్మ ఒక రాంచీ ఆవిడతో వచ్చీరాని హిందీ మాట్లాడుతోంది. "తుమారా ఘర్ మే కోయీ ఔరత్, సునామీ మే... వాపస్ నహీఁ ఆయా? హాథ్ మే గోద్నా?" అంటూ పచ్చబొట్టు ఉండే చోట ముంజేయి చూపిస్తోంది.

"కైసా గోద్నా?" అందావిడ.

అమ్మ గాలిలో వేలితో ఒక నిలువు గీత గీసింది. రెమ్మల దగ్గర ఆగిపోయింది. రాంచీ ఆవిడ కాసేపు ఓపిగ్గా చూసి, మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

"అమ్మా, ఇంటికి పద" అన్నాను. ఏడుపు వచ్చేసింది నాకు. "పెద్దమ్మ రాదు. ఇన్నేళ్ళయ్యాక ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మీ పెద్దమ్మ రాదని నాకు తెల్దేటే? అక్కని ఎతకడానికి వచ్చాననుకున్నావా?" అంది. "ఆవిడ మనుసుల్ని ఎతుకుతున్నాను."

వెళ్ళిపోతున్న రాంచీ ఆవిడ వైపు తిరిగి చూశాను.

"అక్క కోసం ఏడవడానికి మనం ముగ్గురం ఉన్నాం. ఆవిడ కోసం ఎవులో ఇంకా ఏ గేటు కాడో నిలబడుంటారు. నాను నిలబడ్డాను, అదెలాగుంటదో నాకు తెల్సు. మీ పెద్దనాన్న వచ్చి నాకో అబద్ధవైనా సెప్పినాడు. ఆళ్ళకి అదీ నేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ అక్క పేరున పెట్టిన కూడు ఎవులు తిన్నారనుకున్నావు? ఆవిడే తినుంటాది. మన మనిసే అయిపోనాది. మన మనిసి పేరు మనకి తెలీకపోతే ఎలాగ?"

జెట్టీలో జనం పల్చబడ్డారు. అమ్మ నా చెయ్యి తీసుకుని చూసింది.

ఆ ఎర్ర గీతలు ఇంకా ఉన్నాయి. ఉండడానికి కారణం నేనే. పెద్దనాన్న గీసిన నాటి నుంచీ ప్రతి స్నానం తర్వాతా పెన్ను తీసుకుని దిద్దుతున్నాను. సాక్ష్యం చెరిగిపోకూడదని మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత ఏమీ చెప్పుకోలేదు, ఊరికే దిద్దుతున్నాను.

"నాకు గీయడం రాదు, సెప్పడం రాదు" అంది అమ్మ. "నీ కిటికీ కాడికి టిక్కెట్ల కోసం అన్ని దీవుల వోళ్ళూ వత్తారు. రోజూ నీ సెయ్యి సూత్తారు. ఏ బొమ్మ నప్పుతాదా అని ఇన్నాళ్ళ బట్టీ ఎతుకుతున్నావు గదా. ఇది ఏయించు."

"నా చేతి మీదా? ఎవరో తెలియని మనిషిదా?" అన్నాను. అన్నానే గాని, తాబేలు కంటే, లంగరు కంటే, పెద్దమ్మ కోట కంటే కూడా ఆ వంకర రెమ్మల చెట్టు నా చర్మానికి అలవాటైపోయిందని అప్పటికే నాకు తెలుసు. పెద్దమ్మ కోట ఎలా ఉంటుందో మాకు సరిగ్గా తెలీకపోయినా, ఆవిడ ఎవరో మాకు తెలుసు. ఈవిడ గురించి ఈ గీతలు తప్ప ఇంకేమీ లేవు.

ఒక్కటే చిక్కు. అన్నిసార్లు నేను దిద్దిన గీతలు అసలు గీతలేనా? రోజుకో వెంట్రుకవాసి జరిగి ఉంటే? నా చేతి మీద నాకే నమ్మకం లేదు. ఆ మాట చెప్తే అమ్మ, "బావని రమ్మను. బెండకాయలు తేనక్కర్నేదు, పెన్ను తెమ్మను" అంది.

పెద్దనాన్న చౌల్దారీ బస్సు దిగి నేరుగా మిడిల్ పాయింట్ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. షాపు మెట్ల మీద అమ్మని చూసి నిలబడిపోయాడు. అమ్మ కొంచెం పక్కకి జరిగి దారి ఇచ్చింది. పలకరింపులు అంతవరకే.

నా చెయ్యి సబ్బుతో బాగా రుద్ది కడుక్కున్నాను. తెల్లగా ఉన్న చోట పెద్దనాన్న మళ్ళీ గీశాడు. ఈసారి కూడా ఆగలేదు. షాపువాడు దీపం దగ్గరికి లాగి చూశాడు.

"దీదీ, మస్త్ ఉంది. పురానా స్టైల్. కానీ అంకుల్, ఇక్కడ లైన్ టచ్ నహీఁ హువా. నేను కలిపేయనా?"

"వద్దు" అన్నారు అమ్మా పెద్దనాన్నా ఒకేసారి. ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఆదివారం తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

కొత్త సూది నా కళ్ళ ముందే పొట్లం చింపి తీయాలన్నాను. తీశాడు. పొట్లం మీద అక్షరాలు చదివాకే చెయ్యి చాపాను. మిషను గర్రుమంది. మొదటి గీతకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దనాన్న చూడలేక గుమ్మం దగ్గరికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్క చుక్కకి పారిపోయిన మా అమ్మ మాత్రం స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. సూది వెళ్ళిన దారంతా చూసింది. నెలవంక లోపల చుక్క పడేదాకా చూసింది.

షాపువాడు గుడ్డతో తుడిచి మిషను ఆపాడు. గీతల చుట్టూ చర్మం ఎర్రగా పొంగి ఉంది. అమ్మ రెండు చేతులతో నా ముంజేయి ఎత్తి పట్టుకుంది. నన్ను కాదు, దాన్నే చూస్తూ, పెద్దమ్మతో మాట్లాడేటప్పటి గొంతుతో అడిగింది.

"ఎవుల పిల్లవే తల్లీ నువ్వు? నీ పేరేటి?"